కొలత మారితే వస్తువు తనంత తానే మారాలి
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో చదువుల గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పడం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "ఎక్కడ చూసినా క్యాడ్ నేర్పుతామని బోర్డులే కనపడుతున్నాయి. మన పిల్లలు అప్పో సప్పో చేసి ఫీజులు కడుతున్నారు. అదేం విద్యో, ఎట్లా నేర్చుకుంటే వంటబడుతుందో తల్లిదండ్రులకు కూడా తెలిసేట్టు చెప్పండి" అని పురమాయించారు. మేము ముగ్గురం. ఒకరిది లేతు షెడ్డు. ఒకరు పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పి రిటైరయినవారు. ఒకరు కంపెనీలో డిజైను పని చేసేవారు. ముగ్గురం కూర్చుని రాసుకున్నదే ఈ ప్రసంగం. చదివేది ఒకరైనా మాట ముగ్గురిదీ అని గ్రహించ ప్రార్థన.

క్యాడ్ అంటే కంప్యూటరు మీద బొమ్మ గీయడమని చాలామంది అభిప్రాయం. అది సగం నిజం. 1982లో ఆటోక్యాడ్ వచ్చినప్పుడు, అంతకు ముందు డ్రాయింగు బోర్డు, టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లు చేసే పనినే అది తెరమీదికి తెచ్చింది. గీత శుభ్రంగా వస్తుంది, చెరిపితే మరక పడదు, కాపీ తీయడం క్షణం పని. కాని గీత మాత్రం గీతే. తాను షాఫ్టు అంచునని గాని, పక్కనున్న వలయం బేరింగు కూర్చునే చోటని గాని ఆ గీతకు తెలియదు. షాఫ్టు 28 మిల్లీమీటర్ల నుంచి 32కి పెరిగిందనుకోండి, దానికి సంబంధించిన గీతలన్నీ మనిషే వెతికి వెతికి సరిచేయాలి. ఒక్కటి మరిచిపోతే ఆ పొరపాటు కాగితంలో దాక్కుని, షెడ్డులో ఇనుము కోశాక బయటపడుతుంది. అప్పటికి నష్టం జరిగిపోయే ఉంటుంది.

మేము ఈరోజు చెప్పబోయేది పారామెట్రిక్ క్యాడ్ అనే మరో పద్ధతి. ఇందులో ఆ వస్తువు ఏ వరసలో తయారవుతుందో, ఏ కొలత ఏ కొలతను నమ్ముకుని ఉందో కంప్యూటరుకు చెబుతాం. కొలతలకు పేర్లు పెడతాం. ఆ తర్వాత ఒక కొలత మారిస్తే దాన్ని నమ్ముకున్నవన్నీ తమంత తామే సర్దుకుంటాయి. ఈ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును తయారుచేశాడు. వెలుతురు కలంతో తెరమీద గీతలు గీసి, ఈ రెండూ సమాంతరం, ఆ రెండూ సమానం అని చెబితే యంత్రం ఆ మాట నిలబెట్టేది. తరువాత సోవియట్ యూనియన్ నుంచి అమెరికా వలస వచ్చిన శామ్యూల్ గైస్‌బర్గ్ అనే గణితజ్ఞుడు 1985లో కంపెనీ పెట్టి, ఆ దశాబ్దం చివరికి ప్రో ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేరును బజారుకు తెచ్చాడు. దానికి ఖరీదైన వర్క్‌స్టేషన్లు కావలసి వచ్చేవి. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చాక ఈ విద్య మామూలు విండోస్ కంప్యూటరు మీదికి దిగింది. చరిత్ర ఇంతటితో చాలు, పనిలోకి వద్దాం.

మనలో చాలామందికి తెలిసిన వస్తువునే తీసుకుందాం. పిండిమరకు వేసే వి బెల్టు పుల్లీ. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. మోటారు మీద 100 మిల్లీమీటర్ల పుల్లీ, మర మీద 200 పుల్లీ వేస్తే మర 720 చుట్లు తిరుగుతుంది. మరకు 600 చుట్లే కావాలంటే దాని పుల్లీ 240 ఉండాలి. ఈ లెక్క మన ఉస్తాదులకు నోటికొచ్చు, కాగితం కూడా అక్కర్లేదు. ఇక్కడ వ్యాసమంటే పిచ్ వ్యాసం, అంటే బెల్టు నిజంగా లాగే చోటి వ్యాసం. పుల్లీ బయటి అంచు అంతకంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది.

ఇప్పుడు గాడి చూడండి. ఎ సెక్షను బెల్టు పైన 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మందం. బెల్టు రెండు పక్కల మధ్య కోణం 40 డిగ్రీలు. అయితే పుల్లీ గాడి కూడా 40 ఉండాలి గదా అని కుర్రవాళ్లు అంటారు. ఉండకూడదు. బెల్టు వంగినప్పుడు లోపలి వైపు నొక్కుకుని పక్కలకు ఉబ్బుతుంది, అందువల్ల దాని కోణం తగ్గుతుంది. పుల్లీ ఎంత చిన్నదైతే బెల్టు అంత ఎక్కువగా వంగుతుంది. అందుకని చిన్న పుల్లీలకు గాడి కోణం 34 డిగ్రీలు, పెద్దవాటికి 38 పెడతారు. ఎ సెక్షనుకు పిచ్ వ్యాసం 118 దగ్గర ఈ మార్పు వస్తుంది.

ఇక బోరు. షాఫ్టు 28 అయితే తాళానికి, అంటే కీకి, వెడల్పు 8, ఎత్తు 7. పుల్లీ వైపు కీవే లోతు 3.3. కాబట్టి బోరు కింది అంచు నుంచి కీవే పైకప్పు దాకా కొలిస్తే 31.3 రావాలి. షాఫ్టు 32 అయితే కీ 10 వెడల్పు, 8 ఎత్తు అవుతుంది, పై కొలత 35.3 అవుతుంది. 22 దాటి 30 వరకు ఒక కీ, 30 దాటి 38 వరకు ఇంకొక కీ. ఇది పట్టికలో ఉన్న లెక్క, ఎవరి ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు.

ఈ పుల్లీని పారామెట్రిక్ పద్ధతిలో చేసేవాడు ముందు మౌస్ ముట్టుకోకుండా ఒక తెల్లకాగితం తీసుకోవాలి. నా చేతిలో ఉన్నవి ఏవి, వాటి నుంచి వచ్చేవి ఏవి అని రెండు వరసలు రాసుకోవాలి. ఉన్నవి మూడే: పిచ్ వ్యాసం, షాఫ్టు వ్యాసం, గాడుల సంఖ్య. మిగతావన్నీ వచ్చేవే. గాడి కోణం పిచ్ వ్యాసం నుంచి వస్తుంది. కీవే షాఫ్టు నుంచి వస్తుంది. పుల్లీ వెడల్పు గాడుల సంఖ్య నుంచి వస్తుంది. హబ్బు మందం కూడా షాఫ్టును బట్టే. ఈ మూడు కొలతలనూ సాఫ్ట్‌వేరులోని పట్టికలో పేర్లు పెట్టి వేసి, మిగతా వాటికి సూత్రాలు రాయాలి. పిచ్ వ్యాసం 118 లోపైతే 34, మించితే 38 అని రాసిపెట్టుకుంటే, రేపు 100 తీసేసి 240 కొట్టగానే గాడి కోణం దానంతటది మారుతుంది. మా లెక్కలో ఈ కాగితం రాయడమే విద్యలో ముప్పాతిక భాగం. అది రాయడం రానివాడికి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు ఇచ్చినా బొమ్మలే వస్తాయి.

తర్వాత స్కెచ్. పుల్లీని మధ్యకు నిలువునా కోసినట్టు ఊహించుకుని, అందులో సగం ఆకారం గీసి, ఇరుసు చుట్టూ 360 డిగ్రీలు తిప్పితే పుల్లీ వస్తుంది. లేతు మీద పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు, లేతు చేసేదే ఇది. ఈ స్కెచ్‌లో గీతలకు కట్టుబాట్లు పెట్టాలి. ఇంగ్లీషులో కన్‌స్ట్రెయింట్ అంటారు, మేము పిల్లలకు కట్టుబాటు అనే చెబుతాం. ఒక చిన్న లెక్క చూడండి. విడివిడిగా నాలుగు గీతలున్నాయి. ఒక్కో గీతకు రెండు కొసలు, ఒక్కో కొస అడ్డంగా గాని నిలువుగా గాని కదలగలదు, వెరసి 16 కదలికలు. కొసలు నాలుగు చోట్ల కలిపితే 8 పోతాయి. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు అంటే ఇంకో 4 పోతాయి. ఒక మూలను మూలబిందువుకు కట్టేస్తే 2, పొడవు వెడల్పు కొలతలిస్తే చివరి 2. ఇక ఏదీ కదలదు. ఫ్రీక్యాడ్‌లో అయితే అప్పుడు గీతలన్నీ పచ్చబడతాయి, సాలిడ్‌వర్క్స్‌లో నల్లబడతాయి. పచ్చబడని స్కెచ్ మీద కట్టిన వస్తువు పునాది గట్టిపడకముందే గోడ లేపినట్టే. ఇవాళ నిలబడుతుంది, కొలత మార్చిన రోజున ఎటు ఒరుగుతుందో చెప్పలేం. అలాగని చెప్పిందే మళ్లీ చెప్పి ఎక్కువ కట్టుబాట్లు పెట్టినా సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు.

వరస కూడా ముఖ్యమే. ముందు పెద్ద ఆకారం, ఆపైన గాళ్లు, బోరు, కీవే, గ్రబ్ స్క్రూ రంధ్రం, అంచులు గుండ్రం చేయడం అన్నిటికంటే ఆఖర్న. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. గుండ్రం చేసిన అంచు తెరమీద ముచ్చటగా మెరుస్తుంది గదా, ముందే చేసేసుకుంటారు. తరువాత ఏదైనా మారిస్తే ఏ అంచు ఏదో సాఫ్ట్‌వేరు పోల్చుకోలేక, గుండ్రం పోయి ఇంకో అంచుకు తగులుకుంటుంది. ఫ్రీక్యాడ్‌లో ఈ బెడద చాలాకాలం ఉండేది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షనులో చాలావరకు తగ్గించారు. అయినా మంచి అలవాటు మంచి అలవాటే. స్కెచ్‌లను మూల తలాలకు కట్టాలి, వస్తువు మీద పుట్టిన అంచులకు కట్టకూడదు.

మరి నేర్చుకున్నారో లేదో కనుక్కునేదెట్లా? మేము పెట్టే పరీక్ష ఒక్కటే. ఇద్దరు పిల్లలు ఒకే పుల్లీ చేసుకొస్తారు. తెరమీద రెండూ ఒక్కలాగే ఉంటాయి, ఏది మంచిదో తల్లిదండ్రులు చెప్పలేరు, ఉద్యోగమిచ్చేవాడూ చూపుతో చెప్పలేడు. అప్పుడు మేము షాఫ్టు 28ని 32 చేస్తాం. పిచ్ 100ని 240 చేస్తాం. గాడులు రెండింటిని మూడు చేస్తాం. ఒకరి పుల్లీ నిమిషంలో కొత్త పుల్లీ అవుతుంది. ఇంకొకరిది ఎర్రటి హెచ్చరికలతో ముక్కలవుతుంది, లేదా ముక్కలవకుండానే 32 బోరులో 8 వెడల్పు కీవేతో నిలబడుతుంది. ఈ రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే తప్పని ఎవరూ చెప్పరు.

మా దగ్గరికి ఒక కుర్రవాడు వచ్చాడు. అబ్బా బుష్షులు, షాఫ్టులు తీసే టర్నరు. అబ్బాయి నలభై అయిదు రోజుల కోర్సు చేశాడు, సర్టిఫికెట్టు లామినేషను చేయించి తెచ్చాడు. అతనికి రెండొందల కమాండ్లు తెలుసు. ఒక పాత బుష్షు చేతికిచ్చి, దీన్ని కొలిచి చెయ్యి బాబూ అంటే, వెర్నియర్ ఎటు పట్టుకోవాలో తెలియలేదు. వాళ్ల కోర్సులో కొలతలన్నీ పుస్తకంలోనే ఇచ్చేవారట. వెర్నియర్ వాళ్ల ఇంట్లోనే ఉంది, అబ్బా జేబులోనే! తనకు చదువొచ్చాక షెడ్డుకు వెళ్లడం మానేశాడు. వాళ్ల అబ్బా కూడా, "నా బతుకు ఎట్లాగూ నూనె మురికిలో పోయింది, వాడన్నా చల్లగా కూర్చుని బతకనీ" అని రావద్దన్నాడు. ఈ మాట మన ఇళ్లలో చాలా చోట్ల వినిపిస్తున్నది. పిల్లలమీది ప్రేమతో అంటున్న మాటే, కాదనం. కాని దానివల్ల జరుగుతున్నదేమిటంటే, డబ్బు పోసి కొంటున్నది చిన్న సగం, ఊరికే దొరికే పెద్ద సగాన్ని గడప బయట వదిలేస్తున్నాం.

ఆ పెద్ద సగం ఏమిటంటారా? కంప్యూటరులో బోరు 28 అని కొడితే 28.000 అనే చూపిస్తుంది. ప్రపంచంలో ఏ లేతూ 28.000 తీయలేదు. హెచ్ 7 అని డ్రాయింగులో రాస్తే, 28.000 నుంచి 28.021 దాకా ఎంత వచ్చినా సరేనని అర్థం. షాఫ్టు చేత్తో జారాలా, సుత్తితో తట్టాలా అన్నది ఈ వెంట్రుకవాసిలో ఉంటుంది. తెర ఆ సంగతి చెప్పదు, ఉస్తాదు చేతివేళ్లు చెబుతాయి. పోతపోసే పుల్లీ అయితే, ఇనుము చల్లారేటప్పుడు నూటికి సుమారు ఒక వంతు కుంచించుకుంటుంది, కాబట్టి ప్యాటర్న్ ఆ మేరకు పెద్దదిగా చేయాలి, లేతు మీద చెక్కే చోట్ల మరికాస్త మందం వదలాలి. మోడల్‌లో ఇదీ ఒక పేరున్న కొలతగా పెట్టుకోవచ్చు. ఫౌండ్రీలో తిరిగినవాడికే అది పెట్టాలని తోస్తుంది. లోపలి మూల పదునుగా గీసేస్తారు, అక్కడ టూలు పోదు. అలెన్‌కీ తిప్పడానికి చోటుండదు. ఇటువంటివి షెడ్డులో నెల తిరిగితే తెలుస్తాయి, ఏ కోర్సులోనూ ఇంత తొందరగా తెలియవు.

ఇంకొక చిన్న విషయం, చిన్నదే గాని చాలామందిని ముంచేది. మన దేశంలో డ్రాయింగుకు ఫస్ట్ యాంగిల్ పద్ధతి, అమెరికాలో థర్డ్ యాంగిల్. ఒకదాంట్లో పైనుంచి చూసిన బొమ్మ కింద వస్తే, ఇంకోదాంట్లో పైన వస్తుంది. పిల్లలు అమెరికావాళ్ల వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు, సాఫ్ట్‌వేరు సెట్టింగు కూడా అలాగే వదిలేస్తున్నారు. డ్రాయింగు మూలన ఉండే గుర్తు చూడని పనివాడు రంధ్రాన్ని ఎడమకు బదులు కుడికి వేస్తాడు. డ్రాయింగు మొదలుపెట్టే ముందే ఆ సెట్టింగు చూసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేరు అని అడుగుతున్నారు. మేము మొదలుపెట్టడానికి ఫ్రీక్యాడ్ చెబుతున్నాం. పైసా ఖర్చు లేదు, లైసెన్సు గొడవ లేదు, దాంతో చేసిన పనిని అమ్ముకున్నా అడిగేవారు లేరు, ఇంటర్నెట్టు లేకపోయినా నడుస్తుంది. దొంగ కాపీలు వేసుకోవడం కంటే ఇది గౌరవం కూడా. ఆన్‌షేప్ ఉచితంగా వాడుకోవచ్చు గాని, ఉచిత ఖాతాలో చేసిన పని అందరికీ కనపడుతుంది, సొంత వ్యాపారానికి పనికిరాదు. ఫ్యూజన్ కూడా సొంత సరదాకు ఉచితమే, దానికి షరతులున్నాయి. కంపెనీల్లో సాలిడ్‌వర్క్స్, క్రియో వంటివి వాడతారు, నిజమే. కాని కట్టుబాట్లు, వరస, సూత్రాలు ఒకచోట పట్టుబడినవాడికి ఇంకోచోట మెనూలు వెతుక్కోవడమే మిగులుతుంది. పైగా కమాండు పేర్లు వెర్షనుకోసారి మారుతుంటాయి, వాటిని బట్టీ పట్టి ఏం లాభం?

పని పంపేటప్పుడు ఏ రూపంలో పంపాలో కూడా తెలియాలి. ఎస్.టి.ఎల్. ఫైలులో వస్తువు చిన్న చిన్న త్రికోణాల తొడుగు మాత్రమే, త్రీడీ ప్రింటరుకు అది చాలు. స్టెప్ ఫైలులో ఆకారం ఖచ్చితంగా వెళుతుంది గాని, మనం రాసుకున్న సూత్రాలు, వరస వెళ్లవు. అసలు ఫైలు మన దగ్గరే భద్రంగా ఉంచుకోవాలి. అదే మన ఆస్తి. గిరాకీ మళ్లీ వచ్చి, ఈసారి కొంచెం పెద్దది కావాలంటే దానికే విలువ.

మన ఆడపిల్లల విషయం. ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ అని రెండేళ్ల ట్రేడు ఉంది. ఫిట్టరు, టర్నరు అంటే పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులు ఈ ట్రేడుకైనా పంపవచ్చు. పేరులో మన్ ఉన్నంత మాత్రాన మగపిల్లలకే అనుకోవద్దు. మా దగ్గర నేర్చుకునేవాళ్లలో లెక్క శ్రద్ధగా రాసేది ఆడపిల్లలే. అయితే వాళ్లను కూడా ఒక్కసారైనా షెడ్డుకు తీసుకువెళ్లి, ఇనుము కోస్తుంటే చూపించాలి. అబ్బా వెంట, మామూ వెంట వెళితే తప్పేముంది?

క్యాడ్ వస్తే ఉద్యోగం ఖాయమని మేము చెప్పం. ఆ మాట బోర్డులు చెబుతాయి. మేము చూసినంతలో ఈ విద్య ముందుగా అక్కరకొచ్చేది సొంత షెడ్డులోనే. విడిభాగం దొరకని పాత యంత్రాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. విరిగిన ముక్కను కొలిచి, మోడల్ చేసి, డ్రాయింగు తీసి, పక్క షెడ్డులో చేయించి ఇచ్చేవాడికి గిరాకీ ఎప్పుడూ ఉంది. ముక్క అరిగిపోయి ఉంటుంది కాబట్టి కొలిచింది కొలిచినట్టు వేయకూడదు. 27.6 వస్తే అది ఒకప్పుడు 28 అని ఊహించాలి. ఆ ఊహకు మళ్లీ పెద్దవాళ్ల దగ్గరికే పోవాలి.

ఇక కార్యవర్గానికి మా విన్నపం. విద్యా సహాయనిధి నుంచి క్యాడ్ కోర్సుల ఫీజుకని ఈ ఏడు దరఖాస్తులు వచ్చాయని విన్నాం. ఆ సొమ్ములో ఒక భాగంతో సంఘం వెనుక గదిలో రెండు పాత కంప్యూటర్లు, మూడు వెర్నియర్లు, ఒక మైక్రోమీటరు పెట్టించండి. ఆదివారాలు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మాలో ఒకరం తప్పకుండా ఉంటాం, రుసుము లేదు. దీనికి అభ్యంతరాలు రావచ్చు. సర్టిఫికెట్టు ఇవ్వని చోట పిల్లలు నిలబడరని ఒక పెద్దమనిషి ఇప్పటికే అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అందుకే మూడు నెలలు చూసి, కొలత మార్చినా చెడని మోడళ్లు పది మంది పిల్లలైనా చేయలేకపోతే, ఆ వెర్నియర్లు అవసరమైన షెడ్లకు ఇచ్చేసి, కంప్యూటర్లు అమ్మి, సొమ్ము నిధికి జమ చేయండి, మేము ఏమీ అనుకోం.

తీర్మానం నకలు కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. సభ్యులు చదివి, భోజనాల తర్వాత జరిగే చర్చలో అనుకూలమో ప్రతికూలమో చెప్పాలని మనవి. పిల్లలు మాత్రం తీర్మానం కోసం ఆగనక్కరలేదు. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు అబ్బాను అడిగి షెడ్డులో మూల పడి ఉన్న విరిగిన ముక్క ఒకటి తెచ్చుకోండి, నూనె తుడవకుండా తెచ్చినా ఫర్వాలేదు. సెలవు.